గోడవతలి మామ, ఆయన కరెంటు బండి

మా మనుమరాలు కిందటి నెలలో కరెంటు కారు కొంది. కారు ఇంటికొచ్చిన మర్నాడే దానికి చార్జింగ్ డబ్బా బిగించడానికి కరీంనగర్‌లోని మా ఇంటికి మిస్త్రీ వచ్చాడు. మీటరు దగ్గరి నుంచి లావుపాటి తీగ లాగాడు. కారు నిలిపే చోట గోడకు తెల్లటి డబ్బా బిగించాడు. పెరట్లో ఎర్తు కోసం గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోశాడు. నేను కుర్చీ వేసుకుని చివరిదాకా చూస్తూ కూర్చున్నాను. పని ముగించుకుని చేతులు కడుక్కుంటూ అతను అన్నాడు:

“ఇగ ఎవలెంట తిరుగుడు లేదమ్మా. ఇంటికాడ చార్జింగ్ ఉన్నోనికి ఎటు పోవాల్నన్నా ఫికర్ ఉండది.”

ఈ మాటే, ఇదే ధీమాతో, అరవై ఏళ్ల కింద మందమర్రిలో ఒక మనిషి గని మేనేజరు ఎదుట అన్నాడు. ఆ మనిషికి మోకాళ్ల కింద కాళ్లు లేవు. మనుమరాలికి చెప్పబోతే, “అప్పుడు కరెంటు బండ్లెక్కడివి అమ్మమ్మా!” అని నవ్వింది. ఒకటుండేది. మా గోడకు అవతలి పక్కనే ఉండేది. దాన్ని నడిపిన మనిషి గురించి రాయాలని కూర్చున్నాను.

ఆయన పేరు రాయను. మా క్వార్టర్ల లైనులో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు. మా ఆయన కాకా అనేవాడు కాబట్టి నాకు మామ.

నేను మందమర్రికి కాపురానికి వచ్చేనాటికి ఇరవై నిండలేదు. ఖానాపూర్ పక్క పల్లెలో పుట్టి పెరిగినదాన్ని. బాయి సైరను, బొగ్గు పొగ, ఒకే పొడవాటి పెంకుల కప్పు కింద వరుసగా ఉండే కంపెనీ క్వార్టర్లు, అన్నీ నాకు కొత్త. బొగ్గు గనిని అక్కడ అందరూ బాయి అంటారని కూడా అక్కడికి వెళ్లాకే తెలిసింది. మా ఆయన బాయి వర్క్‌షాపులో ఫిట్టరు. పనికి పోతే సాయంత్రానికి గాని రాడు. వచ్చినా మాట్లాడడు. కాబట్టి ఆ ఊళ్లో నాతో మొదట మాట్లాడిన మనిషి మామే.

చేరిన రెండో రోజు, సంచి పట్టుకుని అంగడికి బయలుదేరాను. పక్క వరండాలోంచి ఒక గొంతు లేచింది.

“ఎటువోతున్నవ్ బిడ్డా?”

ఉలిక్కిపడి చూశాను. నడుము పైన పహిల్వాను లాంటి మనిషి. తెల్లబడుతున్న పెద్ద మీసాలు. పీట మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. బయటికి పోయే మనిషిని ఎటని అడగొద్దని మా అవ్వ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పింది. నేను గిర్రున వెనక్కి తిరిగి, ఇంట్లోకొచ్చి నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయటికొచ్చాను.

“మళ్ళెందుకు పోయినవ్ లోపటికి? ఏమన్న మరిచినవా?”

“నువ్వు ఎటని అడిగితివి గద మామా. జర నీళ్ళు తాగి పోతున్న.”

ఆయన నవ్విన నవ్వుకు లైను లైనంతా బయటికొచ్చి చూసింది. “అయితే దినాం నీళ్ళు తాగుడే నీకు! నేనైతే అడుగుడు బంజెయ్య. నేను పోలేను. మీరు పోయేటిదన్న విననియ్యరా?”

ఆ తర్వాత నాకూ అలవాటైంది. ఆయన అడగకముందే, “మామా, నల్ల కాడికి పోతున్న,” “మామా, దవాఖానకు పోతున్న,” అని చెప్పి పోయేదాన్ని. తిరిగొచ్చాక అక్కడేం చూశానో చెప్పాలి. తాను అంగడికి పోయి రెండేళ్లు దాటినా, ఏ దుకాణంలో మిరపకాయ మంచిదో ఆయనే నాకు చెప్పేవాడు. సగం సార్లు అది తప్పయ్యేది. వాన సంగతీ అంతే. వేలు తడి చేసి గాలిలో పెట్టి, “మాపటికి వాన,” అనేవాడు. వాన రాకపోతే, “నేను మంచిగనే చెప్పిన. అది దారి తప్పింది,” అనేవాడు. తాను తప్పు చెప్పానని ఆయన ఒప్పుకోగా నేను వినలేదు.

గుసగుస అనేది ఆయనకు రాదు. బాయి లోపల హాలేజీ ఇంజను నడిపిన మనిషి. ఇనుప తాడుతో బొగ్గు టబ్బుల్ని పైకి లాగే ఇంజను అది. దాని చప్పుడు మీద అరిచి అరిచి ఆయన గొంతు అట్లాగే నిలిచిపోయింది. భార్యతో రహస్యం చెప్పినా లైను చివరి క్వార్టరుకు వినపడేది. అత్త తలుపు వేసుకుని, “జర మెల్లగ,” అనేది. “మెల్లగనే మాట్లాడుతున్న!” అనేవాడాయన, ఇంకా గట్టిగా.

కాళ్ల సంగతి ఒక్కసారే అడిగాను. “తాడు జారింది. టబ్బొచ్చింది. కాళ్ళు పోయినయ్. గంతే. మిగిలిన మనిషి ఉన్నడు గద, ఆయన సంగతడుగు, చెప్త.”

నేను వెళ్లిన ఏడాదే ఆయన క్వార్టరు సంగతి తేలే రోజు వచ్చింది. డ్యూటీ ఉన్నవాళ్లకే క్వార్టరు అని కంపెనీ పద్ధతి. పిల్లలు లేరు, ఆయన బదులు డ్యూటీ చేసేవాళ్లు ఇంట్లో లేరు. అయితే ల్యాంపు రూములో కూర్చుని చేసే పని ఒకటి ఖాళీగా ఉంది, చేస్తావా అని కబురొచ్చింది. ల్యాంపు రూమంటే బాయిలోకి దిగేవాళ్లు నెత్తికి పెట్టుకునే లైట్లు ఇచ్చే చోటు. షిఫ్టు దిగొచ్చినవాళ్లు లైటు తిరిగిస్తే దాన్ని చార్జింగ్‌కు పెట్టాలి. చేస్తానన్నాడు మామ. చేయకపోతే ఇల్లు ఖాళీ చేయాలి.

బాయి మైలు దూరం. అత్త తమ్ముడు రోజూ పొద్దున ఆయన్ని వీపు మీద వేసుకుని తీసుకుపోయేవాడు. వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం మామ ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు. ఎటు పోతున్నావని ఎవర్నీ అడగలేదు. సాయంత్రం మా ఆయన వర్క్‌షాపు నుంచి రాగానే పిలిచాడు.

“అరే, రేపటి సంది నన్ను మొయ్యద్దన్న బామ్మర్దిని. షిఫ్టు షిఫ్టంత నిలవడి చూస్తుంటది, నేను గోనె సంచి లెక్క పోతుంట. నా వల్ల గాదు.”

“మరి డ్యూటీ కాకా?”

“డ్యూటీ చేస్త. నా అంతట నేనే పోత. నువ్వు బండి చెయ్యి.”

“చేతుల్తో తిప్పే బండా?”

“చేతులు ఇంకా ఉన్నయ్, వాటిని గూడ అరగదియ్యమంటవా? కరెంటు బండి. ల్యాంపు రూముల చూసిన గద, గింత డబ్బ షిఫ్టంత దీపం మండిస్తది. లారీ బ్యాటరీ ఎంతుంటది? మనిషిని మొయ్యదా?”

మా ఆయన ఆలోచించి, “నడుస్తదో లేదో కాకా,” అన్నాడు.

“నడువకుంటే నూకుతరు. ఇప్పుడు మోస్తలేరా?”

మామ సెలవు పెట్టాడు. మూడు సైకిల్ చక్రాలు, విరిగిన కుర్చీ, పాత లారీలోంచి పీకిన డైనమో, రెండు బ్యాటరీలు ఒక్కొక్కటే మా వరండాలోకి చేరాయి. ఇంజను తిప్పితే కరెంటిచ్చేది డైనమో. దానికే కరెంటిస్తే అది తిరుగుతుందని, దాంతో సైకిలు గొలుసు లాగించొచ్చని మా ఆయన అన్నాడు. ఆయన మాట్లాడటం నేను మొదట విన్నది ఆ రోజుల్లోనే అనాలి. పక్కన మామ కూర్చుని ప్రతి పనికీ సలహా ఇచ్చేవాడు. మా ఆయన సరేనని తన పద్ధతిలోనే చేసేవాడు. అయ్యాక మామ, “చూసినవా, నేను చెప్పినట్టు చేస్తే ఎంత మంచిగొచ్చిందో,” అనేవాడు.

బండి ఒక తీరుకొచ్చింది. కాని బ్యాటరీకి తిండి పెట్టాలి కదా. క్వార్టర్లలో దీపాలు తప్ప ప్లగ్గు ఉండదు. ఎలక్ట్రికల్ సూపర్‌వైజరును అడిగితే కుదరదన్నాడు. మామ ఆగుతాడా? ఒక లారీ డ్రైవరుతో హైదరాబాదు పాత సామాన్ల బజారు నుంచి చార్జింగ్ సామాను తెప్పించాడు. ఇటుకంత ఇనుప డబ్బా, దాని పక్కన దొంతరగా రేకులు. బల్బు తీసి హోల్డరులో తీగ పెట్టి దాన్ని కలిపాడు. డబ్బా తుమ్మెద లాగా మోగటం మొదలుపెట్టింది. గోడకు ఇవతల మా గిన్నెలు కూడా సన్నగా మోగాయి.

మొదటిసారి చార్జింగ్ పెట్టినప్పుడు గాలికి దుమ్ము పడుతుందని కిటికీ మూసి, బ్యాటరీల మీదికి వంగి, నోట్లో చుట్టతో చూస్తూ కూర్చున్నాడు. నేను పప్పు తాలింపు వేస్తున్నాను. ధన్‌మని చప్పుడైంది. పరుగెత్తుకెళితే, అప్పటికే అత్త కుండెడు నీళ్లు ఆయన ముఖాన గుమ్మరించి ఇంకో కుండ ఎత్తుతోంది. బ్యాటరీ మూత ఎగిరిపోయింది. గోడ నిండా యాసిడ్ చుక్కలు. ఆయన కనుబొమ్మలు లేవు. మీసం ఒక పక్కనే ఉంది. కళ్లు మాత్రం దక్కాయి. ఆ కళ్లు తుడుచుకుంటూ నన్ను చూసి, “చూసినవా బిడ్డా, ఎంత బలమున్నదో అండ్ల!” అన్నాడు.

చార్జింగ్ అవుతున్నప్పుడు బ్యాటరీలోంచి మండే గ్యాసు వస్తుందని, నిప్పు దగ్గర పెట్టొద్దని ల్యాంపు రూమువాళ్లు చెప్పారు. మా ఆయన ఇంటి వెనక నాలుగు కర్రలు పాతి పైన రేకు వేసి, గాలి ఆడేలా చిన్న పాక కట్టాడు. ఇనుప కడ్డీ ఒకటి నేలలోకి దింపి ఎర్తు తీగ బిగించాడు. మామ రెండో పక్క మీసం కూడా గీసేసుకుని, పాకకు పది గజాల దూరంలో పీట వేసుకుని చుట్ట తాగేవాడు. బ్యాటరీల్లో పోయడానికి అత్త వాననీళ్లు శుభ్రంగా పట్టి, గుడ్డతో వడగట్టి ఉంచేది. “దూడకు నీళ్ళు పెట్టి వస్త,” అనేది. అప్పటి నుంచి లైనులో ఆ బండికి దూడ అనే పేరు.

బండి మొదటిసారి రోడ్డెక్కిన పొద్దున నాకు బాగా గుర్తు. సైకిల్ హ్యాండిలు పట్టుకుని, పక్కన ఉన్న మీటను ముందుకు నెట్టాడు. ఒక కుదుపు. బండి కదిలింది. మనిషి నడక కన్నా కొంచెం వేగంగా లైను ముందు నుంచి పోతోంది. ఆడవాళ్లంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. నాలుగిళ్లు దాటాక ఆపి, వెనక్కి తిరిగి అరిచాడు.

“ఏందే, ఒక్కలన్న అడుగరా? ఎటువోతున్నవని అడుగుండ్రి!”

నేనే గట్టిగా, “ఎటువోతున్నవ్ మామా?” అన్నాను.

“ఏమో! పోయినంక చెప్త!” అని మీట నెట్టాడు.

డ్యూటీలో చేరాడు. మొదటి షిఫ్టుకు బండి మీద పోయి, మధ్యాహ్నం బండి మీదే వచ్చేవాడు. వచ్చి చార్జింగ్ పెట్టేవాడు. మబ్బు పట్టి చీకటైన వానకాలం సాయంత్రాలు వచ్చేసరికి గొడవ మొదలైంది. దూడ తింటున్నప్పుడు లైనులో దీపాలన్నీ మసకబారేవి. బియ్యంలో రాళ్లు కనపడటం లేదని ఒకరు, పిల్లల చదువు సాగటం లేదని ఒకరు గొణిగారు. ఎవరో పోయి చెప్పారు. సూపర్‌వైజరు వచ్చి తీగ కత్తిరించి పోయాడు.

మామ ఎవర్నీ తిట్టలేదు, అత్తను కూడా. బ్యాటరీలో మిగిలిన కరెంటుతో తిన్నగా మేనేజరు ఆఫీసుకు బయలుదేరాడు. తోడుకు మా ఆయన నడిచాడు. అక్కడ జరిగింది మా ఆయనే నాకు చెప్పాడు.

మేనేజరు కోస్తా వైపు మనిషి. మర్యాదస్తుడు. బండిని చూడటానికి తానే బయటికొచ్చి, చుట్టూ తిరిగి చూసి, “బాగా చేశారయ్యా,” అన్నాడు. ఆ తర్వాత, “డ్యూటీకి రావడానికేగా ఇది? ల్యాంపు రూములో ఎలాగూ చార్జింగ్ ఉంది. అక్కడే పెట్టుకో, నేను చెబుతాను. ఇంట్లో ఎందుకు?” అన్నాడు.

మా ఆయనకు ప్రాణం లేచొచ్చిందట. ఇంతకన్నా ఏం కావాలి? ఒప్పుకో కాకా అన్నట్టు భుజం మీద చేయి వేశాడట. మామ ఆ చేయి తీసేశాడు.

“సార్, గాడ పెడితే అది డ్యూటీ బండైతది. ఇంటికాడికెళ్ళి బాయికాడికి, బాయికాడికెళ్ళి ఇంటికి. గంతకైతే మా బామ్మర్ది వీపే సాలు. ఇంటికాడ చార్జింగ్ ఉంటెనే అది నా బండి. అంగడికి పోత, సినిమకు పోత, ఒగలింట్ల పెండ్లికి పోత, ఒగలింట్ల సావుకు పోత. ఎటు పోవాల్నన్నా ఫికర్ ఉండది. సార్, మీ కాళ్ళు మీరు రాత్రి ఆఫీసుల పెట్టి ఇంటికి పోతరా?”

మా ఆయన కళ్లు మూసుకున్నాడట. మేనేజరు వంగి బ్యాటరీలను చూశాడట.

“లైట్లు తగ్గుతున్నాయని కంప్లైంటు వచ్చింది. అబద్ధమా?”

“నిజమే సార్. నేను గూడ ఆ లైటు కిందనే తింటున్న.”

“ఆదివారం నేనే వస్తాను. లైనులో ఒక్కరు వద్దన్నా తీసెయ్యాల్సిందే. సరేనా?”

“సరే సార్. రాండ్రి. చాయ తాగి పోదురు.”

ఆదివారం దాకా మా ఆయనకు నిద్ర లేదు. ఇంటింటికీ పోయి బతిమాలుకో కాకా అన్నాడు. మామ ససేమిరా అన్నాడు. “అడిగితే, వద్దనుమని నేనే యాది చేసినట్టైతది. ఎవలు వద్దంటరు? ఎవలు అనరు.” తీగ లేదు, బ్యాటరీలు పూర్తిగా దిగిపోయాయి. ఆ నాలుగు రోజులూ బామ్మర్ది వీపు మీదే పోయి వచ్చాడు. తల ఎత్తుకునే పోయాడు గాని, వచ్చాక అన్నం సరిగ్గా తినలేదని అత్త నాతో అంది.

మేనేజరు మాట ప్రకారం వచ్చాడు. వెంట సూపర్‌వైజరు. లైనంతా మామ వరండా ముందు చేరింది. మేనేజరు పాక చూశాడు, ఎర్తు కడ్డీ కదిపి చూశాడు, అందరి వైపు తిరిగాడు.

“ఈయన ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవడానికి ఎవరికైనా అభ్యంతరం ఉందా? భయపడకుండా చెప్పండి.”

ఎవరూ పలకలేదు. బియ్యంలో రాళ్లన్నామె నేల చూస్తోంది. మామ మీసం మీద చేయి వేసుకున్నాడు. అప్పుడప్పుడే మళ్లీ మొలుస్తోంది అది. ఇక కరెంటు వచ్చినట్టేననుకున్నాం.

“నాకున్నది సార్ అభ్యంతరం.”

అందరం అటు తిరిగాం. గడపలో అత్త. ఆమె ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పగా చూడలేదు నేను. మామ చేయి మీసం మీద నుంచి దిగింది.

“ఏందే నువ్వు...”

“నువ్వాగు. సార్ నన్ను గూడ అడిగిండు.” ఆమె మెట్టు దిగి మేనేజరు ముందుకొచ్చింది. “సార్, వాననీళ్ళు పట్టేది నేను, వడగట్టేది నేను, బ్యాటరీల పోసేది నేను. యాసిడ్ వడి నా చీరలన్ని తూట్లయినయ్. తిరిగేది మాత్రం ఆయనొక్కడు. ఆ బండికి ఒకటే సీటు పెట్టిండు. ఆయన కాళ్ళు పోయిన సంది నేను గూడ ఈ గడప దాటలే. ఆయన్ని ఇడిచి ఎటు పోతి? ఇప్పుడు ఆయన సినిమకు పోతడు, అంగడికి పోతడు, వచ్చి నాకు ముచ్చట చెప్తడు. నాకు ముచ్చట్లు వద్దు. రెండో సీటు పెడితెనే కరెంటియ్యుండ్రి. లేకుంటే బంజెయ్యుండ్రి.”

మేనేజరు మామ వైపు చూశాడు.

“ఏమంటావయ్యా?”

అన్నిటికీ జవాబుండే మనిషి అత్త చీరకు పడ్డ తూట్లు చూశాడు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం నేను ఆ ఒక్కసారే విన్నాను. “నాకు తోచలే సార్. నిజంగ తోచలే.”

మా ఆయన గొంతు సవరించుకుని, “పెడత చిన్నమ్మా,” అన్నాడు. “ఈ రోజే పెడత.”

మేనేజరు నవ్వాపుకుని సూపర్‌వైజరుతో మాట్లాడాడు. స్తంభం నుంచి ఆ పాకకు వేరే తీగ లాగి, ఒక స్విచ్చు పెట్టాలి. దీపాలు వేసే వేళకు ముందే చార్జింగ్ ఆపేయాలి. దానికి మామ ఒప్పుకోవాలి. మామ తలూపాడు. అత్త లోపలికి పోయి అందరికీ చాయ పెట్టింది. మేనేజరు తాగి వెళ్లాడు.

రెండో సీటుతో బండి వేగం తగ్గింది. అయితేనేం, ప్రతి సాయంత్రం చార్జింగ్ తీసేయగానే ఇద్దరూ బయలుదేరేవాళ్లు. అత్త తలకు నూనె రాసుకుని, పూలు పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చునేది. ఎత్తు వచ్చినప్పుడు ఆమె దిగి వెనక నుంచి నూకబోతే, “నూకకు, నూకకు, అదే పోతది,” అని అరిచేవాడు. అది ఆగిపోయేది. ఆమె నూకేది. ఎత్తు ఎక్కాక, “చెప్పలేదా, పోతదని,” అనేవాడు. అంగడిలో మిరపకాయల సంగతి ఇప్పుడు తన కళ్లతో చూసి చెప్పేవాడు. అయినా తప్పే చెప్పేవాడు.

కొన్నేళ్లకు మా ఆయనకు బదిలీ అయి మేం ఆ ఊరు విడిచాం. మామ పోయినట్టు తర్వాతెప్పుడో తెలిసింది. ఎట్లా పోయాడో నేను అడగలేదు. కాని మేం ఊరు విడవడానికి ముందు ఏడాది జరిగింది ఒకటి చెప్పాలి. ఆయన్ని తలచుకుంటే నాకు మొదట కళ్ల ముందుకొచ్చేది అదే.

వెనక లైనులో ఒక పెండ్లి కాని పిల్లవాడు, బాయిలో పైనుంచి బండ పడి, నడుము కింద చచ్చుబడి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. తల్లి ఒక్కతే. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్లను పొమ్మన్నాడు. అన్నం పెడితే పళ్లెం విసిరేశాడు. తల్లి వచ్చి అత్త దగ్గర ఏడ్చింది.

మరుసటి ఆదివారం పొద్దున్నే మామా అత్తా బండి మీద అక్కడికి పోయారు. అత్త రమ్మంటే నేనూ మా ఆయనా వెనక నడిచాం. బండి గడప ముందు ఆపి, మామ చేతుల మీద దిగి, చేతుల మీదే లోపలికి పోయాడు. అతని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

“కొడుకా, ఇటు మర్రు.”

అతను తిరగలేదు. “పో కాకా. నువ్వు ధైర్యం చెప్పకు.”

“ధైర్యం చెప్పనీకి రాలే. నేను జర అలిసిపోయిన. ఇవాళ మీ అవ్వ చేతి కూర తిని గీ మంచంల పండుదామని వచ్చిన. నువ్వు లెవ్వు.”

అతను మెల్లగా తల తిప్పి చూశాడు.

“లేచి ఏడికి పోవాలె?”

“బయట బండున్నది. చార్జింగ్ నిండుగున్నది. నీ చేతులు మంచిగున్నయ్ గద. మీట ముందటికి నూకితే పోతది, వెనుకకు గుంజితే ఆగుతది. ఒక్కటే మాట. సగం చార్జింగ్ అయిపోంగనే మలుపు. లేకుంటే నూకిచ్చుకుంట రావాలె.”

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో ఏమో, ముఖం ఎర్రబడింది. చివరికి అతనే రెండు చేతుల మీద లేవబోయాడు. మా ఆయన పోయి ఎత్తుకున్నాడు. బండి మీద కూర్చోబెట్టి, పడిపోకుండా నడుముకు తువ్వాల కట్టాడు. మా ఆయన వెంట నడవబోతే మామ లోపలి నుంచే అరిచాడు. “ఇడిచిపెట్టు. వాణ్ణి పోనీ.”

బండి కదిలింది. తల్లి గడపలో నిలబడి కనిపించినంత దూరం చూసింది.

మామ నిజంగానే కూర తిని ఆ మంచంలో పడుకున్నాడు. మధ్యాహ్నమైంది. అతను రాలేదు. పొద్దు వాలింది. తల్లి రోడ్డు దాకా పోయి వస్తోంది. వెతకడానికి పోతానన్న మా ఆయన్ని మామ ఆపాడు. “బండి ఎంత దూరం పోతదో నాకెరుక. అండ్లనే ఉంటడు. పరేషాన్ గాకుండ్రి.” గొంతు ఎప్పటిలాగే లైనంతా వినిపించింది. కాని ఆయన మంచంలోంచి లేచి, చేతుల మీద గడప దాకా వచ్చి కూర్చున్నాడు. అప్పటి నుంచి చుట్ట వెలిగించలేదు.

దీపాలు వేసే వేళకు మలుపు దగ్గర అరుపులు వినపడ్డాయి. షిఫ్టు దిగిన నలుగురు బండిని నూకుకుంటూ వస్తున్నారు. బ్యాటరీ దిగిపోయింది. బండి మీద అతను ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని, చేతిలో ఒక చెరుకు గడతో కూర్చున్నాడు. తల్లి పరుగెత్తుకెళ్లింది.

“సగంల మలుపుమని చెప్పలేదా?” అని మామ ఉరిమాడు.

“చెప్పినవ్ కాకా.”

“మరి?”

అతను చెరుకు గడ తల్లి చేతికిచ్చాడు. “మలుపుదామనే అనుకున్న. ముందట ఇంకొక ఊరు కనవడ్డది.”

మామ తల తిప్పి మా ఆయన కోసం చూశాడు. మా ఆయన అప్పటికే బండి పక్కన గొంతుక్కూర్చుని, ఇంకో బండి కోసం గొలుసూ చక్రాలూ జేనతో కొలుచుకుంటున్నాడు.